బొగ్గు గుట్టల పక్క తండా, మన తండా

(సేవాలాల్ మహారాజ్ జయంతి సందర్భంగా జరిగిన ఆన్‌లైన్ సభలో చేసిన ప్రసంగం)

 

ముందు "మేము" అంటే ఎవరో చెప్పుకోవాలి. పల్నాడు జిల్లాలో ఒక గిరిజన బాలికల హాస్టల్లో పనిచేసేవాళ్లం మేము. వార్డెన్, వంట చేసే ఇద్దరు అక్కలు, రాత్రి గేటు దగ్గర ఉండే పెద్దాయన. బియ్యం బస్తా దించడం దగ్గర్నుంచి పిల్లకు జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడం దాకా అన్నీ కలిసే చేస్తాం కాబట్టి మాకు "నేను" అనే మాట అలవాటు తప్పింది. మాట్లాడుతున్న గొంతు వార్డెన్‌ది. బీఈడీ చదివిన గొంతు, అక్కడక్కడ పాఠంలా వినిపిస్తుంది. ఓర్చుకోండి.

నిర్వాహకులు మమ్మల్ని మన సంస్కృతి మీద మాట్లాడమన్నారు. తీజ్ గురించో, ఫేటియా కాంచళి మీద అద్దాల కుట్టు గురించో మాట్లాడితే వినడానికి బాగుండేది. కానీ ఈ ఏడాది మా హాస్టల్లో మేము ఎక్కువగా మాట్లాడుకున్నది నేల గురించి, గొయ్యి గురించి. అదే మీకూ చెబుదామని వచ్చాం.

నిరుడు ఉగాది దాటాక మా దగ్గర తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వాళ్ల బాపు వచ్చాడు. పేర్లు చెప్పం, తండా పేరూ చెప్పం. ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన స్టాంపు కాగితం తెచ్చాడు. "మేడం, ఇది చదివి చెప్పండి" అన్నాడు. మొత్తం ఇంగ్లీషులో ఉంది. వాళ్ల తాత పేరు మీద ఉన్న నాలుగెకరాల డి పట్టా చేనులో రాయి తీసుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఉంది. పదేళ్ల గడువు, కొంత అడ్వాన్సు. తీసుకునేది ఎవరో అందులో లేదు, మధ్యలో ఉన్న మనిషి పేరే ఉంది. పదేళ్ల తర్వాత ఆ గొయ్యి ఎవరు పూడుస్తారో కూడా లేదు. ఈ రెండూ మేం చెప్పాం. అప్పుడాయన అడిగాడు: "పక్కనే గొయ్యి పడితే మా ఇళ్లు ఉంటాయా మేడం? తండా ఉంటుందా?"

దానికి మా దగ్గర జవాబు లేదు. కాస్త ఆగమన్నాం. ఆ పిల్ల స్తంభం చాటున నిలబడి అంతా విన్నది.

మే నెలలో మా వంట అక్క ఆడపడుచు కూతురి పెళ్లికి ముగ్గురం వెళ్లాం. సాగర్ డ్యాం దాటి, మిర్యాలగూడ, ఖమ్మం బస్సులు మారి, ఆ పైన బొగ్గు ప్రాంతం. అక్కడొక ఓపెన్‌కాస్ట్ గని అంచున తండా ఉంది. అక్కడివాళ్లు ఓపెన్‌కాస్ట్ అనరు, "ఓసీ" అంటారు. పెళ్లి రెండు రోజులు, మేం ఉన్నది నాలుగు రోజులు. జవాబు వెతుక్కోవడానికే ఆ మిగతా రెండు రోజులు ఉండిపోయాం.

దూరం నుంచి చూస్తే మొదట కొండలనుకున్నాం. మన నాగార్జునకొండ వైపు కొండల్లా కాదు, పైన బల్లపరుపుగా, పక్కలు మెట్లుమెట్లుగా ఉన్నాయి. అవి కొండలు కావు. బొగ్గు మీద ఉన్న మట్టిని, రాయిని తవ్వి పోసిన గుట్టలు. ఓబీ డంపులంటారు. ఒక టన్ను బొగ్గు బయటికి రావాలంటే ఐదారు ఘనపు మీటర్ల మట్టి ఎత్తి పక్కన పోయాలి. అంటే గొయ్యి లోతయ్యేకొద్దీ పక్కన గుట్ట ఎత్తు పెరుగుతుంది. ఊరికి ఒకవైపు లోయ, ఒకవైపు కొండ వచ్చి కూర్చుంటాయి. మధ్యలో మనుషులు.

గని ఎలా నడుస్తుందో కూడా చెబుతాం, ఎందుకంటే మన సున్నపురాయి క్వారీ కూడా దాదాపు ఇలాగే నడుస్తుంది. ముందు చెట్లు కొడతారు. పైమట్టి ఎత్తుతారు. కింద గట్టి రాయి వస్తే వరసగా రంధ్రాలు వేసి మందు నింపి పేలుస్తారు. పేల్చే ముందు సైరన్ మోగుతుంది. అయిదు వందల మీటర్ల వరకు ప్రమాద ప్రాంతం, మనుషులు, పశువులు లోపల ఉండకూడదు. తర్వాత షావెల్ ఎత్తుతుంది, డంపర్ మోస్తుంది. ఒక్కో డంపర్ మా హాస్టల్ మేడంత ఉంది. దాని చక్రం పక్కన నిలబడితే మా పెద్దాయన తలపాగా పైఅంచు దాకా రాలేదు. గొయ్యి లోపల మెట్లు మెట్లుగా బెంచీలు, అడుగున నల్లటి పొర. ఆ పొరను చూసి మా వంట అక్క, "ఇంత తవ్విందీ ఈ నల్లగీత కోసమేనా" అంది.

ఈ బొగ్గు కథ పాతది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. మొదట్లో అన్నీ భూగర్భ గనులే. మనుషులు లోపలికి దిగి, తట్టా చెమ్మస్‌లతో ఎత్తి పోసేవారు. ఆ పని ప్రాణాంతకం, దాన్ని మేం పొగడటం లేదు. 1975 నుంచి ఓపెన్‌కాస్ట్ వచ్చింది. ఇప్పుడు బొగ్గులో అత్యధిక భాగం ఓసీల నుంచే.

ఇక్కడ ఒక లెక్క మీరు గుర్తుపెట్టుకోండి. 1990ల మొదట్లో ఆ సంస్థలో లక్షమందికి పైగా ఉద్యోగులు ఉండేవారు. ఏడాదికి వచ్చే బొగ్గు 2 కోట్ల టన్నులకు అటూఇటూ. 2023-24లో 7 కోట్ల టన్నులు వచ్చింది. పర్మినెంటు ఉద్యోగులు 40 వేలకు అటూఇటూ. బొగ్గు మూడు రెట్లు దాటింది, ఉద్యోగులు సగానికన్నా తగ్గారు. యంత్రం పెద్దదయ్యేకొద్దీ మనిషి అవసరం తగ్గుతుంది. మట్టి ఎత్తే పని చాలాచోట్ల కాంట్రాక్టుకే పోయింది. "గని వస్తే ఇంటికో ఉద్యోగం" అని ఎవరైనా మీ తండాకొచ్చి చెబితే ఈ లెక్క అడగండి.

సరే, పెళ్లి ఇంటికి వద్దాం. పెళ్లికూతురి పెదనాన్న మాకు తండా అంతా చూపించాడు. ఆయన మాట తీరు భలే ఉంటుంది, దేని గురించీ ఫిర్యాదు చేసినట్టు ఉండదు. పాత తండా ఉన్నచోటు వేలితో చూపించి "అదిగో, ఆ గాలిలో" అన్నాడు. నేల లేదు కదా మరి. పునరావాస కాలనీలో సిమెంటు రోడ్లున్నాయి, నీళ్ల ట్యాంకుంది, కరెంటుంది. వాళ్ల పాత తండాకు ఇవేవీ లేవు, అదీ చెప్పాడు. పాము కరిస్తే ఇప్పుడు ఆసుపత్రికి అరగంట, అప్పుడు మంచం మీద మోసుకుపోయేవాళ్లట. ఇది చెప్పకుండా మిగతాది చెబితే మేం అబద్ధం చెప్పినట్టే.

మిగతాది ఇదీ. భూమి డబ్బు వచ్చిన ఏడాది తండాలో మోటారు సైకిళ్లు వచ్చాయి, ఒకటి రెండు కార్లు వచ్చాయి. పెళ్లిళ్లు ఘనంగా జరిగాయి. ఆయన పెద్దకూతురి పెళ్లికి మూడు రోజులు డీజే పెట్టించానని నవ్వుతూ చెప్పాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. వేరేచోట భూమి కొన్నవాళ్లు వేళ్ల మీద లెక్క. అప్పటికి చుట్టుపక్కల ధరలు కూడా పెరిగాయి కదా, అందరి చేతిలోనూ ఒకేసారి డబ్బు పడితే అంతే. కౌలుకు చేసుకునేవాళ్లకు అసలు ఏమీ రాలేదు. వాళ్ల పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆడవాళ్ల పేర్లు కూడా లేవు. డబ్బు మగవాళ్ల ఖాతాల్లో పడింది, ఎక్కడ ఖర్చయిందో చాలామంది యాడీలకు ఇప్పటికీ తెలియదు.

పశువులు లేవు. ఇది మాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది. లంబాడీ తండాలో తెల్లారితే ఎద్దు గంట వినపడకపోవడం! మేపడానికి బీడు లేదు, గుట్టలకు కంచె ఉంది. పాత తండా పొలిమేరలో వేపచెట్టు కింద సీత్లా యాడీ ఏడు రాళ్లు ఉండేవట. ఖాళీ చేసిన రోజున ముసలమ్మలు ఆ రాళ్లను కొంగుల్లో కట్టుకొని తెచ్చి కాలనీలో నీళ్ల ట్యాంకు పక్కన పెట్టారు. పండగ రోజున దాటించడానికి పశువులు లేక ఒక ఏడాది పక్కూరి మేకల్ని అరువు తెచ్చారని చెప్పారు. నిర్వాహకులు సంస్కృతి గురించి మాట్లాడమన్నారు కదా, ఇది సంస్కృతి గురించే.

నాలుగు రోజుల్లో రోజూ ఇల్లు ఊడ్చాం. చీపురు వెంట నల్లటి దుమ్ము వచ్చింది. రోడ్డు మీద ట్యాంకరు నీళ్లు చల్లుకుంటూ పోతుంది, ఎండకు అరగంటలో ఆరిపోతుంది. లోతైన గొయ్యి చుట్టుపక్కల నీళ్లన్నీ తనవైపు లాక్కుంటుంది, గనిలో ఊరిన నీటిని తోడి పారబోస్తేనే తవ్వకం సాగుతుంది. చేతిబావి ఎండిందంటే కారణం అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. తెలంగాణ ఉద్యమకాలంలో అక్కడివాళ్లు ఈ ఓసీలను "బొందలగడ్డలు" అన్నారు.

ఇప్పుడు మీరు అడగవచ్చు, బొగ్గు గోదావరి లోయలో ఉంది, మనది కృష్ణ ఒడ్డు, మనకేం సంబంధం అని. ఆంధ్రలో కూడా ఏలూరు జిల్లా చింతలపూడి వైపు భూమి లోతున బొగ్గు పొరలున్నాయి. అది అలా ఉంచండి. బొగ్గు మన జిల్లాకు రోజూ వస్తూనే ఉంది. సిమెంటు కొలిమిలో బొగ్గు మండుతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పోసేదీ ఎక్కువగా బొగ్గే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలితేనే మన హాస్టళ్లలో ఫ్యాన్లు తిరిగేది. ఆ తండా మీద తవ్విన నల్లగీత మన తండా పక్క తవ్విన తెల్లరాయిని కాల్చుతోంది. మాచర్లలో 1958లో సిమెంటు తయారీ మొదలైంది. దాచేపల్లి, పిడుగురాళ్ల, గురజాల వైపు సున్నపురాయి ఎంత ఉందో మీ అందరికీ తెలుసు. నాపరాయి కోసి బతికిన ఇళ్లు మనలో ఎన్నో. రాయి మనకు శత్రువు కాదు. మన నాన్నల చేతులు ఆ రాయి మీదే కాయలు కాశాయి.

కానీ మనకూ ఆ బొగ్గు తండాకూ ఒక పెద్ద తేడా ఉంది. దీన్ని జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మన పిల్లలు చాలామంది తప్పుగా అనుకుంటున్నారు.

రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద కొన్ని ప్రాంతాలను షెడ్యూల్డ్ ప్రాంతాలుగా ప్రకటించారు. అక్కడ భూమి గిరిజనేతరులకు బదిలీ చేస్తే చెల్లదు. అదే 1/70 చట్టం. 1997 జులై 11న సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు చెప్పింది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గిరిజనుల నేల మీద ప్రైవేటు గనులకు లీజులివ్వడం మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని, ఇస్తే అది చెల్లదని కోర్టు చెప్పింది. ప్రభుత్వ సంస్థలు తవ్వవచ్చు. తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి గిరిజనుల బడులు, ఆసుపత్రులు, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పెట్టాలని చెప్పింది. 1996 పెసా చట్టం కూడా ఆ ప్రాంతాల్లో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలంటుంది.

పల్నాడులో ఒక్క గ్రామం కూడా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. మనం ఎస్టీలమే. మన నేల మాత్రం షెడ్యూల్డ్ నేల కాదు. దుర్గి తండా అయినా, బొల్లాపల్లి తండా అయినా, వెల్దుర్తి తండా అయినా 1/70 మనల్ని కాపాడదు. కాపాడుతుందనుకొని నిశ్చింతగా ఉన్న నాయక్‌లను కూడా మేం చూశాం.

మరి మనకేముంది? మన తండాల్లో చాలా భూమి అసైన్డ్ భూమి, మనం డి పట్టా అంటాం. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడం, లీజుకివ్వడం చెల్లదు. అలా ఇచ్చిన ఒప్పందానికి విలువ లేదు. పైగా తహసీల్దారు ఆ భూమిని స్వాధీనం చేసుకునే వీలుంది. మా అమ్మాయి వాళ్ల బాపు తెచ్చిన కాగితం సరిగ్గా ఇదే. సంతకం పెడితే అడ్వాన్సు ఖర్చయిపోతుంది, చేను గొయ్యి అవుతుంది, రేపు చట్టం అడిగితే నిలబడాల్సింది ఆయనే. 2023లో రాష్ట్రం ఈ చట్టాన్ని సవరించింది. పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకు పూర్తి హక్కు వచ్చే దారి తెరిచింది. ఆ తర్వాత అలాంటి రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన మొదలుపెట్టారు. అందుకే ఎవరో చెప్పింది నమ్మకండి. మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో, అడంగల్‌లో, 1బీలో ఎవరి పేరుందో సచివాలయంలో అడిగి కాగితం తీసుకోండి. ఫోన్లో రీల్స్ చూసే వేలితోనే ఇదీ చూడవచ్చు, నవ్వకండి.

ప్రభుత్వం భూమి సేకరిస్తే వేరే దారి. 2013 భూసేకరణ చట్టం ఉంది. మార్కెట్ విలువను పల్లెల్లో ఒకటి నుంచి రెండు రెట్ల మధ్య గుణించి, దానికి అంతే మొత్తం సొలేషియం కలిపి ఇవ్వాలి. ఆ మార్కెట్ విలువ ఎక్కడినుంచి వస్తుంది? చుట్టుపక్కల మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్ల నుంచి. స్టాంపు ఖర్చు మిగులుతుందని మనం తక్కువ ధర రాయించుకుంటాం, తెల్లకాగితం మీద కొనుక్కుంటాం. ఆ మిగుల్చుకున్నదే రేపు మన మెడకు చుట్టుకుంటుంది. అదే చట్టంలో ఇంకోమాట ఉంది. మూడేళ్లుగా ఆ నేల మీద బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు కూడా బాధిత కుటుంబాలే. ప్రాజెక్టులో ఉద్యోగం, లేదా 5 లక్షలు ఒక్కసారిగా, లేదా 20 ఏళ్ల పాటు నెలనెలా కనీసం 2 వేలు, ఈ మూడింటిలో ఒకటి కుటుంబం ఎంచుకోవచ్చు. పెదనాన్న డీజే గురించి విన్నాక నెలనెలా వచ్చే డబ్బు విలువ మాకు ఇంకోలా కనిపించింది. బొగ్గుకైతే 1957 నాటి ప్రత్యేక చట్టం ఉంది. దాని కింద నోటిఫికేషన్ వస్తే అభ్యంతరం చెప్పడానికి 30 రోజులే గడువు. 2013 చట్టంలోని పరిహారం, పునరావాసం 2015 నుంచి దానికీ వర్తిస్తాయి.

ఎవరైనా వచ్చి సొంతంగా కొనుక్కుంటేనో, ఒప్పందం రాయించుకుంటేనో ఇవేవీ అడిగేవాడుండడు. మన పల్నాడులో గొయ్యి ఎక్కువగా ఈ దొడ్డిదారినే వస్తోంది. అందుకే ఇంత చెబుతున్నాం.

ఇంకొకటి, ప్రజాభిప్రాయ సేకరణ. పెద్ద గనికి పర్యావరణ అనుమతి కావాలంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం గని దగ్గరలోనే బహిరంగ సభ పెట్టాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. సభలో ఎవరు ఏం చెప్పారో చివర తెలుగులో చదివి వినిపించాలి. కానీ ఆ సభకు కోరం లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. మనం మిర్చి కోతకు పోయిన రోజున సభ జరిగితే మన మాట లేకుండానే జరిగిపోతుంది.

సాగర్ అవతలి ఒడ్డున నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు మీకు తెలుసు, మనకు అక్కడ చుట్టరికాలు కూడా ఉన్నాయి. అక్కడ యురేనియం తవ్వాలని ప్రతిపాదన వచ్చింది. లంబాపూర్‌లో ఓపెన్ పిట్, పెద్దగట్టులో భూగర్భ గనులు. 2003లో బహిరంగ విచారణ జరిగితే తండాల ఆడవాళ్లు, మగవాళ్లు వచ్చి మాట్లాడారు. హైదరాబాదు తాగే నీళ్లలో కొంత సాగర్‌వి కాబట్టి పట్నం వాళ్లూ గొంతు కలిపారు. ఇరవయ్యేళ్లు దాటింది, అక్కడ గని పడలేదు. మన ఒడ్డున కొప్పునూరు వైపు కూడా యురేనియం కోసం వెతికారు. 

గని ఉన్నచోట వచ్చే డబ్బు గురించి ఒక్కమాట. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గనుల జిల్లాలో జిల్లా మినరల్ ఫౌండేషన్ పెట్టారు. రాయల్టీ మీద 10 నుంచి 30 శాతం అందులో పడుతుంది. బొగ్గుకే కాదు, సున్నపురాయికీ. అందులో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, పర్యావరణం లాంటివాటికి పెట్టాలని 2015 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. మీ తండాకు ఆ డబ్బుతో ఏం కట్టారో సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ పది కూడా అక్కర్లేదు. మీలో డిగ్రీ చదివినవాళ్లు ఒక్క దరఖాస్తు రాసినా చాలు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గనిలో పనికి పోవద్దని మేం చెప్పడం లేదు. పోతే కూలికి కాదు, చదువుతో పొమ్మంటున్నాం. మైనింగ్ డిప్లొమా ఉంది, సర్వే ఉంది, ఓవర్‌మన్, మైనింగ్ సర్దార్ సర్టిఫికెట్లున్నాయి. కొత్తగూడెంలో మైనింగ్ చదువు ఉంది. ఆడపిల్లలకు ఇంకో సంగతి. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు, పైన కూడా రాత్రిళ్లు పనిచేయనివ్వలేదు. 2019 జనవరిలో కేంద్రం ఆ తలుపు తీసింది. ఓపెన్‌కాస్ట్‌లో రాత్రి షిఫ్టు, భూగర్భంలో పగటి షిఫ్టు, వాళ్ల ఒప్పుదలతో. మా పిల్లలకు ఈ మాట చెబితే ఒకతి "డంపర్ నేను నడుపుతా మేడం" అంది. మిగతావాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

పెళ్లి నుంచి తిరిగొచ్చాక అమ్మాయి వాళ్ల బాపును పిలిపించాం. చూసిందంతా చెప్పాం. గాలిలో వేలు చూపించిన పెదనాన్న సంగతి చెప్పాం. ఆయన చాలాసేపు విన్నాడు. తర్వాత అన్నాడు: "మీకు ఒకటో తారీకున జీతం పడుతుంది మేడం. నాకు ఈ ఏడాది మిర్చికి పెట్టిన మందుల డబ్బు కూడా రాలేదు. ఆ చేన్లో రాళ్లే పండుతున్నాయి. వాళ్లు ఇచ్చే అడ్వాన్సుతో అప్పు తీరుతుంది."

మేం ఏం మాట్లాడగలం? ఆయన చెప్పింది నిజం. మందు కొట్టు అప్పు మా మాటలతో తీరదు. ఒక్కటే అడిగాం. ఒక్కరే సంతకం పెట్టొద్దు, తండా అంతా కూర్చొని మాట్లాడండి, ఎవరి భూమి ఏమిటో ముందు తెలుసుకోండి, ఇచ్చినా చట్టం ఒప్పుకునేలా, ఇచ్చేవాడి పేరు కనిపించేలా ఇవ్వండి అని. సరే అనలేదు, కాదనలేదు. కాగితం మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని వెళ్లాడు.

దసరా సెలవుల్లో ఆ అమ్మాయి ఒక పని చేసింది, మేం చెప్పింది కాదు. రెండొందల పేజీల నోటుబుక్కులో గీతలు కొట్టి తండాలో ఇంటింటికీ తిరిగింది. ఇంటి పెద్ద పేరు, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, పట్టా ఏ సంవత్సరం, ఎవరి పేరున, ఇప్పుడు దున్నేదెవరు. కొందరు తరిమారు, "నీకెందుకే" అన్నారు. నాయక్ భార్య వెంట తిరిగి చెప్పించింది. సెలవులయ్యాక ఆ పుస్తకం మా టేబుల్ మీద పెట్టింది. "ఎవరి పేరున" అన్న గడిలో కింది దాకా చూశాం. ఆడవాళ్ల పేర్లు మూడే ఉన్నాయి, ముగ్గురూ భర్త పోయినవాళ్లు. దున్నేవాళ్ల గడిలో మాత్రం సగానికి పైగా ఆడవాళ్లే.

ఇంకో సంగతి కూడా ఆ పుస్తకంలో బయటపడింది. అదే స్టాంపు కాగితం ఇంకా ఆరు ఇళ్లకు వెళ్లింది. ఎవరికి వాళ్లు తమకొక్కరికే వచ్చిందనుకుంటున్నారు. ఆరింటికి ఆరు రకాల అడ్వాన్సు రాసి ఉంది.

ఆ సంగతి తెలిసిన వారానికి తండాలో నసాబ్ కూర్చుంది. బాపు తన కాగితం అందరి ముందు పరిచాడట. ఇప్పటిదాకా ఎవరూ సంతకం పెట్టలేదు, పెట్టబోమని కూడా అనలేదు. వచ్చే సోమవారం తహసీల్దారు ఆఫీసులో గ్రీవెన్స్ ఉంది. ఆ అమ్మాయికి పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి, సెలవు పెట్టొద్దన్నాం. ఆమె వినలేదు, నోటుబుక్కు జిరాక్స్ తీయించమని నలభై రూపాయలు మా చేతిలో పెట్టి చదువుకోడానికి పోయింది. వాళ్ల యాడీ వెళ్తుంది, మాలో ఒకరం తోడు వెళ్తున్నాం.

సెలవు. రాం రాం.